ఆ బిడ్డల మాట వారి కలం నుండే

మూడేళ్లు నిండినా మాటలు రాని బాబు, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడని పాప, కుక్కర్ విజిల్ వేయగానే చెవులు మూసుకొని నేలమీద పడి ఏడ్చే బిడ్డ – ఇలాంటివారు మన బంధువుల ఇళ్లలోనో మన వీధిలోనో కనబడుతూనే ఉంటారు. డాక్టరుగారు ‘ఆటిజం’ అని చెప్పిన రోజు నుండి ఆ ఇంటికి సలహాలకు కొదువ ఉండదు. ఒకరు నాటుమందు అంటారు, ఒకరు గారాబం ఎక్కువైందంటారు, ఇంకొకరు నేరుగా తల్లినే తప్పు పడతారు. ఇందరు మాట్లాడుతుండగా, ఆటిజం గలవారు తమ గురించి తాము ఏమి చెప్పారో వినేవారు బహు తక్కువ. అలాంటి పిల్లలలో కొందరు పెరిగి పెద్దవారై పుస్తకాలు రాశారు. వాటిలో కొన్నిటిని మీ ముందుంచుతున్నాము. ఇవి ఇంగ్లీషు పుస్తకాలు గనుక ఇంట్లో ఆ భాష వచ్చినవారు చదివి తక్కినవారికి చెప్పవలసి ఉంటుంది.

తలిదండ్రులు మొదట చదవదగినది 1995లో వచ్చిన ‘థింకింగ్ ఇన్ పిక్చర్స్’. రచయిత్రి టెంపుల్ గ్రాండిన్ గారు 1947లో అమెరికాలోని బోస్టన్‌లో పుట్టారు. మూడున్నరేళ్ల దాకా ఆమెకు మాటలు రాలేదు. అలాంటి పిల్లలను ఏదో ఒక సంస్థలో వదిలేయమనే రోజులవి. తల్లి అందుకు ఒప్పుకోలేదు. ఆమె తరువాత పశుశాస్త్రంలో డాక్టరేటు పొంది, కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యారు. తన ఆలోచన మాటలలో కాక బొమ్మలలో సాగుతుందంటారు. చర్చి శిఖరం అనగానే మనకు ఏదో ఒక మామూలు ఆకారం తోస్తుంది. ఆమెకైతే తాను చూసిన ఫలానా ఫలానా చర్చిల శిఖరాలే ఒక్కొక్కటిగా కళ్ల ముందుకు వస్తాయట.

అంతకంటె మన తల్లుల మనసుకు తగిలే సంగతి ఒకటుంది. ఎవరైనా కౌగలించుకుంటే ఆమెకు ఊపిరాడనట్టయ్యేది. కాని ఆ ఒత్తిడి, ఆ హాయి ఆమెకూ కావాలి. అరిజోనాలో బంధువుల పశువుల క్షేత్రంలో, బెదిరిన పశువులు రెండు పలకల మధ్య నిలిపి అదిమితే నెమ్మదించడం చూసి, తనకోసం అలాంటి యంత్రమే చేసుకున్నారు. ఎత్తుకోబోతే తోసివేసే బిడ్డను ‘వీడికి అమ్మంటే ప్రేమ లేదు’ అనేవారు ఈ అధ్యాయం ఒక్కటైనా చదవాలి. అయితే ఆటిజం గలవారందరూ ఇలాగే బొమ్మలలో ఆలోచిస్తారనుకోరాదు. 2006లో వచ్చిన కూర్పులో ఆమే ఆ మాట చేర్చారు.

ఆస్ట్రేలియాకు చెందిన డానా విలియమ్స్ గారి ‘నోబడీ నోవేర్’ 1992లో వెలువడింది. ఇది గట్టి గుండెతో చదవవలసిన పుస్తకం. ఇంట్లో దెబ్బలు తింటూ, లోకం ముందు నెట్టుకురావడానికి రెండు కల్పిత వ్యక్తుల ముసుగులు తొడుక్కొని పెరిగిన బాలిక కథ. డాక్టరు ఆటిజమని ఈమధ్యే చెప్పిన ఇంటివారికి దీనిని ఇప్పుడే ఇవ్వకండి.

మనకు దగ్గరివాడు టిటో రాజర్షి ముఖోపాధ్యాయ్. మన పొరుగు రాష్ట్రంలోని మైసూరు, బెంగళూరులలో పెరిగాడు. మాటలు దాదాపు లేవు. తల్లి సోమా గారు అక్షరాల పలక ముందుంచి, పెన్సిలును రబ్బరు బ్యాండుతో చేతికి కట్టి రాయడం నేర్పారు. ఎనిమిది, పదకొండేళ్ల మధ్య అతడు రాసినవి 2000లో ఇంగ్లాండులో ‘బియాండ్ ద సైలెన్స్’ పేరిట అచ్చయ్యాయి. తన ఒళ్లు ముక్కలుగా చెదిరినట్టుండేదనీ, గిరగిరా తిరిగితే అన్నీ ఒకచోట కూడినట్టయ్యేదనీ రాశాడు. ఇంట్లో అదే పనిగా గుండ్రంగా తిరిగే బిడ్డ ఉన్నవారు ఇక్కడ కాసేపు ఆగుతారు.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక. జపాను బాలుడు నవోకి హిగాషిదా పేరిట వచ్చిన ‘ద రీజన్ ఐ జంప్’ చాలా ప్రసిద్ధి పొందింది. అందులోని మాటలలో ఎన్ని అతనివి, ఎన్ని పక్కనున్నవారివి అనే సందేహం నిపుణులలో ఉంది. సోమా గారు తరువాత అమెరికాలో ఇతర పిల్లలకు నేర్పిన పద్ధతిని కూడా అక్కడి వాక్కు, వినికిడి నిపుణుల సంఘం 2018లో వాడవద్దన్నది. బిడ్డ మాటకు మారుగా సహాయకుని మాట వస్తుందేమోనన్నదే వారి భయం. ఎవరైనా ఈ పద్ధతి పేరు చెప్పి పెద్ద మొత్తం ఫీజు అడిగితే ముందు బాగా విచారించండి.

ఆడపిల్లల తలిదండ్రులకు ‘సిన్సియర్లీ, యువర్ ఆటిస్టిక్ చైల్డ్’ (2021) ఉపయోగపడుతుంది. ఆటిజం గల అనేకులు తమ తలిదండ్రులకు ఏమి తెలిసి ఉంటే బాగుండేదో చెప్పిన చిన్న వ్యాసాలివి.

ఆటిజం లేనివారి పుస్తకాలలో ఒక్కటి చెబుతాము: స్టీవ్ సిల్బర్‌మన్ గారి ‘న్యూరోట్రైబ్స్’ (2015). లావుపాటి చరిత్ర గ్రంథం. తల్లి ప్రేమ చాలకనే ఆటిజం వస్తుందని గత శతాబ్దంలో పేరున్న పండితులే బోధించారనీ, ఆ నింద మోస్తూ ఎందరో తల్లులు నలిగారనీ దీనివల్ల తెలుస్తుంది. ఆ వాదాన్ని 1964లో తన గ్రంథంతో ఎదిరించిన బెర్నార్డ్ రిమ్లాండ్ గారు కూడా ఆటిజం గల కుమారుని తండ్రే. అయితే వియన్నా డాక్టరు ఆస్పర్గర్‌ను ఈ పుస్తకం మెచ్చుకున్నంతగా మనం మెచ్చుకోలేము. అతడు నాజీల పిల్లల హత్యాకాండకు సహకరించినట్టు 2018లో వెలువడిన పరిశోధనలు చూపాయి.

ఇన్ని పుస్తకాలకు తీరిక లేనివారు జిమ్ సింక్లెయిర్ 1993లో రాసిన ‘డోంట్ మోర్న్ ఫర్ అస్’ అనే వ్యాసంతో మొదలుపెట్టవచ్చు. ఆటిజం గల వ్యక్తి తలిదండ్రులనుద్దేశించి రాసినది. మీరు ఏడ్చేది మీరు ఆశించిన బిడ్డ రానందుకు, కాని వచ్చిన బిడ్డ మీ ఎదుటే ఉన్నాడు, ఆ ఏడుపు వాడి ముందు వద్దు అన్నది అందులోని సారాంశం. మొదటిసారి చదివినప్పుడు కొందరికి కోపం వస్తుంది. కొన్ని పుటలే గనుక, రాత్రి భోజనాలయ్యాక తాతయ్యను, నాయనమ్మను కూర్చోబెట్టి తెలుగులో చెబితే అరగంట పడుతుంది.