కవర్లో చాయ్, మందు డబ్బాలో నీళ్లు

పొద్దున అయిదున్నర గంటలకు గోదావరిఖనిలో కూలీల అడ్డా మీద నిలబడితే మన బతుకంతా కండ్ల ముందర కనబడుతుంది. మొదటి షిఫ్టుకు బాయికి పోయేవాళ్లు ఒక దిక్కు, ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు పనికి పోయేవాళ్లు ఒక దిక్కు, నాట్లకూ కలుపుకూ పోయే ఆడకూలీలు ఆటో కోసం ఇంకో దిక్కు. మునుపు అందరి చేతిలో సద్ది గిన్నె ఉండేది. ఇప్పుడు చాలామంది చేతిలో కవర్ ఉంటోంది. పొగలు వచ్చే చాయ్‌ని పలచని కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేసి ఇస్తారు. చట్నీ ఇంకో కవర్లో. మిర్చి బజ్జీలు పాత పేపర్లో.

ఈ కవర్ల గురించి రాస్తానంటే ఒక తోటి కార్యకర్త నవ్వాడు. "కూలి రేటు ఇడిసిపెట్టి కవర్ల మీద రాస్తవా అన్నా?" అన్నాడు. కూలి రేటు మీద రాస్తూనే ఉన్నాం, ఇంకా రాస్తాం. కాని ఆ కూలితో కొన్న తిండిలో విషం కలిస్తే, రేపు దవాఖానలో పెట్టే ఖర్చు ఎవరి కూలిలోంచి పోతుంది? అందుకే ఇది కూడా కూలి సమస్యే.

సంగతి సూటిగా చెప్పుకుందాం. ప్లాస్టిక్ అంటే ఒక్క పదార్థం కాదు. రంగు రావడానికి, సాగడానికి, ఎండకు పెళుసెక్కకుండా ఉండడానికి ఫ్యాక్టరీలో రకరకాల రసాయనాలు కలుపుతారు. వేడి తగిలినా, నూనె తగిలినా, పులుపు తగిలినా అవి కొంచెం కొంచెంగా తిండిలోకి దిగుతాయి. మన తిండి చూడండి: వేడి చాయ్, నూనె బజ్జీ, చింతపండు పులుసు. చెత్తలో ఏరిన ప్లాస్టిక్ కరిగించి చేసిన నల్ల కవర్ అయితే, అంతకుముందు అందులో ఏముండెనో చెప్పేవాడే లేడు. పాత పేపరు సిరాలో రంగులు, ద్రావకాలు ఉంటాయి, సీసం లాంటి లోహాలు కూడా ఉండవచ్చు. వేడి నూనె వాటిని పీల్చుకుంటుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా సంఘం మండల మహాసభలో పులిహోర పంచింది పాత పేపర్లలోనే. అదీ మన పత్రిక పేపర్లలోనే. ఒక అవ్వ పొట్లం విప్పితే అన్నం ముద్ద మీద మన హెడ్డింగు అక్షరాలు తిరగేసి అచ్చుపడి ఉన్నాయి. "గిది సదువాల్నా, తినాల్నా బిడ్డా?" అన్నది. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. మన పత్రికదైనా సిరా సిరాయే.

కవర్ మానేసి కాగితం గ్లాసుకు మారాం కదా అని కొందరు ధీమాగా ఉన్నారు. ఆ గ్లాసు లోపల నీళ్లు కారకుండా పలచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో ఈ గ్లాసులను పరీక్షించారు. 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం 15 నిమిషాలు ఉంచితే సుమారు 25 వేల ప్లాస్టిక్ నలుసులు అందులో కలుస్తున్నాయని చెప్పారు.

ఇక నీళ్ల క్యాన్ సంగతి. 20 లీటర్ల గట్టి క్యాన్లలో కొన్నింటిని పాలీకార్బనేట్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. దాన్ని తయారుచేసే రసాయనం పేరు బిస్ఫినాల్-ఎ. మన ఒంట్లోని హార్మోన్ల పనిని అది చెడగొడుతుంది. పసిపిల్లల పాలసీసాల్లో అది ఉండగూడదని 2015లో మన భారత ప్రమాణాల సంస్థే నిర్ణయించింది. మనిషి ఒంట్లోకి రోజుకు ఎంతవరకు పోవచ్చు అనే లెక్కను యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో 20 వేల రెట్లు తగ్గించింది. 2025 జనవరి నుంచి తిండికి తగిలే వస్తువుల్లో దాని మీద యూరప్ నిషేధం అమలులోకి వచ్చింది, కంపెనీలకు కొంత గడువు ఇచ్చారు. పాలసీసాలో విషమైనది, ఎండలో పొలం గట్టు మీద పెట్టిన క్యాన్‌లో, నాటు వేసే గర్భిణి తాగే నీళ్లలో మంచిది ఎట్లా అవుతుంది?

మన దేశంలో చట్టం లేదా అంటే, ఉంది. ఆహార భద్రతా సంస్థ 2018 డిసెంబరులో ప్యాకింగ్ నిబంధనలు ప్రకటించింది. 2019 జూలై 1 నుంచి అవి అమలులోకి వచ్చాయి. న్యూస్ పేపర్లో తిండి చుట్టకూడదని అందులో స్పష్టంగా ఉంది. అయినా చుట్టడం ఆగలేదు కనుకనే 2023 సెప్టెంబరులో మళ్లీ విజ్ఞప్తి చేయవలసి వచ్చింది. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు నిషేధించారు. 2025 అక్టోబరులో బిస్ఫినాల్-ఎ మీద, నూనె అంటకుండా కాగితానికి పూసే పీఫాస్ అనే రసాయనాల మీద ముసాయిదా నిబంధనలు ప్రకటించారు. ఈ పీఫాస్ మట్టిలోనూ మనిషి ఒంట్లోనూ ఏండ్ల తరబడి కరగకుండా ఉంటుంది. కాగితంలో ఉన్న నిబంధన కంచం దాకా రావాలంటే తయారీదారుణ్ణి పట్టుకోవాలి. బజ్జీల బండి దగ్గర కవర్లు గుంజుకుని ఫైను వేయడం సులువు. ఆ కవర్ చేసిన ఫ్యాక్టరీ గేటు దాకా పోవడం కష్టం.

పట్నం కవర్ దగ్గర ఆగితే సగమే చెప్పినట్టవుతుంది. పొలంలో ఇంకో డబ్బా ఉంది. పత్తికి, మిరపకు కొట్టిన పురుగుమందు అయిపోయినంక ఆ డబ్బా కడిగి తాగునీళ్లకు పెడుతున్నారు. ఎంత కడిగినా ఆ మందు ప్లాస్టిక్‌లో ఇంకే ఉంటుంది. 2013 జూలై 16న బీహార్ రాష్ట్రం సారణ్ జిల్లా గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉందని పరీక్షలో తేలింది. పురుగుమందు ఉంచిన డబ్బాలో నూనె పోసినట్టు అధికారులు అప్పుడు చెప్పారు. ఆ పిల్లలు మనలాంటి పేదల పిల్లలే.

1971 నాటి పురుగుమందుల నిబంధనల్లో 44వ నిబంధన ఏమంటుందో ప్రతి కూలీ తెలుసుకోవాలి. ఖాళీ డబ్బాలు మళ్లీ వాడకుండా పగలగొట్టి, ఊరికి దూరంగా పూడ్చాలి. ఆ బాధ్యత మందు కొట్టేవాడి ఒక్కడిదే కాదు, మందు తయారుచేసినవాడిది కూడా. అర్ధ శతాబ్దం దాటింది. మీ ఊరికి డబ్బాలు ఏరుకుపోవడానికి ఏ మందుల కంపెనీ బండి అయినా వచ్చిందా?

మంథని దిక్కు ఒక ఊరిలో నాట్ల ముఠా ఆడవాళ్లు ఈ ప్రశ్న వేరే తీరుగా అడిగారు. గట్టు మీద నీళ్లు తెల్ల డబ్బాలో పెట్టి ఉన్నాయి. డబ్బా మీద పుర్రె బొమ్మ సగం చినిగి ఉంది. ముఠా పెద్ద చీర కుచ్చెళ్లు దోపుకుని గట్టు మీదనే కూర్చున్నది. "ఈ డబ్బల నీళ్లు మీ ఇంట్ల తాగుతరా పటేలా? మీరు తాగినంక మేం తాగుతం" అన్నది. ఒక్కరూ మడిలోకి దిగలేదు. పటేలు కోపం చేశాడు, గొణిగాడు. అరగంటలో స్టీలు బిందె వచ్చింది. మరుసటి రోజు పక్క చేన్లో కూడా బిందె పెట్టారు. జెండా లేదు, కరపత్రం లేదు. అందరూ కలిసి కూర్చున్నారు, అంతే.

"మరి మనమే గిన్నె తెచ్చుకుంటే అయిపోదా?" అని కొందరు పెద్దమనుషులు సలహా ఇస్తారు. ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు పని చేసే తమ్ముడొకడు దీనికి మంచి జవాబు చెప్పాడు. "గిన్నె తెస్త గనీ కడుగుటానికి నీళ్లేవన్నా? తినుటానికి టయమేది? కవరైతే తిని పారేస్త." అసలు మాట ఇదే. కవర్ మన సోకు కాదు. కూర్చుని తినే జాగా, కడుక్కునే నీళ్లు, తినే టయిము లేకుండా చేసినచోట కవర్ వచ్చి కూర్చుంది. వంద మంది కాంట్రాక్టు కూలీలు ఉన్నచోట క్యాంటీను పెట్టాలని 1970 చట్టంలోనే రాశారు. మన సంఘాలు వద్దన్నా 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన కార్మిక కోడ్‌లో కూడా ఆ వంద లెక్క ఉంది. సింగరేణిలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. ప్రభుత్వ సంస్థ కనుక ఈ విషయంలో ముందు నడవవలసింది అదే. ఇక వ్యవసాయ కూలీలకు ఆ కాగితం మీది క్యాంటీను కూడా లేదు.

దారి లేదని కాదు. సిద్దిపేట జిల్లా ఊళ్లలో స్టీలు బ్యాంకులు పెట్టి పెండ్లికీ చావుకూ కంచాలు, గ్లాసులు ఇస్తున్నారు. మోదుగాకు విస్తరి కుట్టడం మన అవ్వలకు తెలిసిన విద్యే. దాన్ని కొనేవాళ్లుంటే నాలుగిండ్లకు కూలి కూడా దొరుకుతుంది.

కనుక మనం అడగవలసినవి ఇవి:

1. కాంట్రాక్టు కూలీలు పనిచేసే ప్రతిచోటా క్యాంటీను, స్టీలు కంచాలు, కడుక్కోవడానికి నీళ్లు యాజమాన్యమే పెట్టాలి.

2. పొలంలో తాగునీళ్లు బిందెలోనో కుండలోనో పెట్టాలి. కూలి ఒప్పందంలో ఇది ఒక షరతు కావాలి.

3. ఖాళీ మందు డబ్బాలను కంపెనీలే తమ ఖర్చుతో వెనక్కి తీసుకుపోవాలి.

4. నిషేధించిన ప్లాస్టిక్ తయారుచేసే చోటనే దాడులు చేయాలి. చిన్న బండ్లవాళ్లకు ఫైను బదులు విస్తరాకులు, స్టీలు సామాను ఇప్పించాలి.

5. బిస్ఫినాల్-ఎ, పీఫాస్ మీద నిషేధం పూర్తిగా అమలు కావాలి. ఏ ప్యాకెట్‌లో ఏమి కలిపారో తెలుగులో రాయాలి.

మా మండల సంఘం ఒక తీర్మానం చేసుకుంది. ఈసారి మహాసభలో పులిహోర మోదుగాకులోనే. చాయ్ కావలసినవాళ్లు ఇంటి నుంచి గ్లాసు తెచ్చుకోవాలి. కడగడానికి నీళ్ల డ్రమ్ము, కొబ్బరిపీచు మేం పెడతాం. మనం పెట్టి చూపించినంకనే యాజమాన్యాన్ని పెట్టమని అడిగే నోరు మనకు ఉంటుంది.