భుజం కీలు జారితే నొప్పి ఓర్చుకోవాలా?

మన శరీరంలోని పెద్ద కీళ్లలో ఎక్కువగా జారేది భుజం కీలే. చెయ్యి అన్ని వైపులా తిరగడానికి వీలుగా దాని గిన్నె లోతు తక్కువగా ఉంటుంది. బండి మీద నుంచి పడినా, కబడ్డీలో చెయ్యి మెలిపడినా ఎముక తల గిన్నెలోంచి బయటికి వస్తుంది. నూటికి 95కు పైగా కేసుల్లో ముందువైపుకే జారుతుంది.

జారిన వెంటనే చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. ఆలస్యమయ్యే కొద్దీ కీలు సర్దడం కష్టమవుతుంది. నొప్పి తగ్గితే కండరం వదులవుతుంది, కీలు సులువుగా లోపలికి వెళుతుంది. కాబట్టి నొప్పి తగ్గించడం కూడా వైద్యంలో భాగమే.

ముందుగా చేతి నాడి, స్పర్శ చూసి, ఎముక విరిగిందేమోనని ఎక్స్‌రే తీస్తారు. ఆ తర్వాత రోగిని బట్టి ఈ పద్ధతుల్లో ఒకటి ఎంచుకుంటారు.

తిమ్మిరి ఇంజక్షన్: లిడోకెయిన్ మందును నేరుగా కీలులోకి ఎక్కిస్తారు. రోగి పూర్తి మెలకువగా ఉంటారు, త్వరగా ఇంటికి వెళ్లవచ్చు.

మత్తు: రక్తనాళం ద్వారా కెటమిన్, ప్రొపొఫాల్, మిడజోలం వంటి మందులిస్తారు. నొప్పి తెలియదు గానీ శ్వాస మందగించవచ్చు. అందుకే ఆక్సిజన్ దగ్గర ఉంచుకుని, ఒకరు శ్వాసను, నాడిని కనిపెట్టి ఉండాలి.

గ్యాస్: నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్ సమపాళ్లలో కలిపి పీల్చడం. మాస్కు తీసిన కొద్ది నిమిషాల్లోనే ప్రభావం పోతుంది. ఛాతీకి దెబ్బ తగిలి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవారికి ఇది పనికిరాదు.

కొన్నిచోట్ల స్కానింగ్ సాయంతో నరాన్ని మొద్దుబరుస్తారు. రోగి వదులుగా కూర్చోగలిగితే ఏ మందూ లేకుండానే మెల్లగా సర్దడమూ ఉంది.

మీరు చేయవలసినవి: చేతిని ఉన్న స్థితిలోనే తువ్వాలుతో ఆనించి కట్టండి. ఉంగరాలు, గాజులు తీసివేయండి. దారిలో ఏమీ తినిపించవద్దు, తాగించవద్దు. చివరిసారి ఎప్పుడు తిన్నారో, ఏ మందులు పడవో, ఆస్తమా, గుండె జబ్బు, గర్భం ఉన్నాయేమో డాక్టరుకు తప్పక చెప్పండి. మత్తు ఇచ్చినవారు 24 గంటలు బండి నడపరాదు, వెంట ఒకరు ఉండాలి.

ఇంట్లోగాని, నాటు కట్టు కట్టేవారి దగ్గరగాని చెయ్యి లాగించవద్దు. ఎముక విరిగి ఉంటే, నరం నలిగితే నష్టం జీవితాంతం ఉండిపోవచ్చు.

నొప్పిని పళ్ల బిగువున భరించడమే విశ్వాసమని కొందరు అనుకుంటారు. ప్రియులారా, బాధ తగ్గించే జ్ఞానం కూడా దేవుడిచ్చిన వరమే. నొప్పిగా ఉందని అడగడానికి మొహమాటపడకండి.