హోమ్ ప్లేట్ వద్ద ఢీకొట్టడం ఆటలో భాగమేనా? క్యాచర్ రక్షణపై నియమం ఏం చెబుతోంది

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పుర్‌కు వికెట్ కీపర్ అంటే ఎవరో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. 2001లో ఇక్కడి ఆగ్నేయ రైల్వేలో టికెట్ ఎగ్జామినర్‌గా చేరిన మహేంద్రసింగ్ ధోనీ, రైల్వే జట్టుకు ఆడుతూనే భారత జట్టు దిశగా ఎదిగారు. రైల్వే కొలువుల కోసం వచ్చి తరతరాలుగా ఈ పట్టణంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఆ కథ సుపరిచితమే. వికెట్ల వెనుక నిలిచే ఆటగాడి చేతి వేళ్లకు, కళ్లకు, మోకాళ్లకు ఎంతటి ముప్పు పొంచి ఉంటుందో క్రికెట్ అభిమానులకు తెలుసు. బేస్‌బాల్‌లో సరిగ్గా అదే స్థానంలో ఉండే క్యాచర్‌కు మరో ముప్పు అదనం. పరుగు కోసం దూసుకువచ్చే ప్రత్యర్థి అతడిని బలంగా ఢీకొట్టడం ఆ ఆటలో చాలాకాలం చెల్లుబాటు అయింది. దీనిని నియంత్రించాలా, వద్దా అన్న చర్చకు అమెరికాలోని మేజర్ లీగ్ 2014లో ఒక సమాధానం ఇచ్చింది.

అసలు ఢీకొనే పరిస్థితి ఎందుకు వస్తుంది?

క్రికెట్‌లో పరుగు తీసే బ్యాటర్ క్రీజు గీతను దాటి బ్యాటును గానీ శరీరాన్ని గానీ నేలకు ఆనిస్తే చాలు. ఆ గీతకు నిడివి పరంగా హద్దు లేదు. కీపర్ వికెట్ల దగ్గర ఉంటే, బ్యాటర్ అతడికి దూరంగా పక్కనుంచి పరుగెత్తవచ్చు. పైగా కీపర్ పడగొట్టవలసింది వికెట్లనే, బ్యాటర్‌ను తాకవలసిన పని లేదు.

బేస్‌బాల్‌లో ఈ రెండు వెసులుబాట్లూ లేవు. పరుగు పూర్తికావాలంటే రన్నర్ 17 అంగుళాల వెడల్పు ఉన్న హోమ్ ప్లేట్‌ను తాకి తీరాలి. అతడిని అవుట్ చేయాలంటే చాలా సందర్భాలలో క్యాచర్ బంతి ఉన్న చేతితో రన్నర్ శరీరాన్ని తాకాలి. ఒకే చిన్న పలక కోసం ఇద్దరూ పోటీపడతారు. క్యాచర్ దారికి అడ్డంగా నిలుస్తాడు, రన్నర్ అతడిని ఢీకొట్టి బంతి జారిపోయేలా చేయాలని చూస్తాడు. ఆట నిర్మాణంలోనే ఘర్షణకు బీజం ఉన్నదన్న మాట.

ఇందులో అసలైన ప్రమాదం చూపుకు సంబంధించినది. మూడవ బేస్ క్యాచర్‌కు ఎడమవైపున ఉంటుంది. మైదానం కుడివైపు నుంచి బంతి వస్తున్నప్పుడు అతడి చూపు, మెడ, చేతులు అన్నీ అటే తిరిగి ఉంటాయి. అదే క్షణంలో ఎడమవైపు నుంచి 90 అడుగుల దూరం పరుగెత్తి వేగం పుంజుకున్న రన్నర్ వస్తాడు. ఢీకొట్టేవాడు సిద్ధంగా ఉంటాడు, దెబ్బ తినేవాడు ఉండడు. తలకు తొడుగు, ఛాతీకి కవచం, కాళ్లకు రక్షణ ఉన్నా అవి ప్రధానంగా బంతి దెబ్బను ఆపడానికి తయారైనవి, మనిషి బరువును ఆపడానికి కాదు.

గాయాల చరిత్ర

1970 జూలై 14న సిన్సినాటిలో జరిగిన ఆల్‌స్టార్ మ్యాచ్ 12వ ఇన్నింగ్స్‌లో పీట్ రోజ్ గెలుపు పరుగు కోసం క్యాచర్ రే ఫోసీని ఢీకొట్టారు. అది ప్రదర్శన మ్యాచ్. అయినా ఫోసీ భుజానికి అయిన గాయం ఆయనను చాలాకాలం వెంటాడింది.

2011 మే 25న శాన్‌ఫ్రాన్సిస్కోలో, యాదృచ్ఛికంగా మళ్లీ 12వ ఇన్నింగ్స్‌లోనే, ఫ్లోరిడా మార్లిన్స్ రన్నర్ స్కాట్ కజిన్స్ జయింట్స్ క్యాచర్ బస్టర్ పోజీని ఢీకొట్టారు. బంతి కుడివైపు మైదానం నుంచి వచ్చింది. పోజీ దానిని చేజిక్కించుకోలేకపోయారు. ఆయన కాలి ఎముక విరిగి, చీలమండ కండర బంధనాలు తెగాయి. ఆ సీజన్ అక్కడితో ముగిసింది. కజిన్స్ చేసినది నాటి నియమాల ప్రకారం తప్పు కాదు. చర్చ మలుపు తిరిగింది ఇక్కడే. తప్పు వ్యక్తిది కాకపోతే, సరిదిద్దవలసింది నియమాన్నే. స్వయంగా మాజీ క్యాచర్ అయిన జయింట్స్ మేనేజర్ బ్రూస్ బోచీ మార్పు కోరినవారిలో ముందున్నారు.

2014 నియమం

2014 ఫిబ్రవరిలో లీగ్, క్రీడాకారుల సంఘం కలిసి ప్రయోగాత్మకంగా 7.13 నియమాన్ని ప్రకటించాయి. ఇది ఇద్దరికీ బాధ్యత పెట్టింది. రన్నర్ తన దారి వదిలి క్యాచర్‌ను ఢీకొట్టడానికే వెళితే, బంతి జారిపడినా సరే, అతడు అవుట్. బంతి చేతిలో లేని క్యాచర్ రన్నర్ దారిని మూసివేస్తే రన్నర్ సేఫ్. బంతిని అందుకోవడానికి తప్పనిసరిగా ఆ దారిలోకి రావలసి వస్తే క్యాచర్‌కు మినహాయింపు ఉంది. సందేహం ఉన్నచోట వీడియో పరిశీలనకు అవకాశం ఇచ్చారు.

అమలు మొదట్లో సాఫీగా సాగలేదు. బంతి వచ్చేసరికే రన్నర్ ఎంతో దూరంలో ఉన్నా, క్యాచర్ కాలు దారిలో ఉన్నదన్న సాంకేతిక కారణంతో సేఫ్ ప్రకటించిన సందర్భాలు విమర్శలకు గురయ్యాయి. అదే ఏడాది సెప్టెంబరులో లీగ్ అంపైర్లకు వివరణ ఇచ్చి ఆ లోపాన్ని సవరించింది.

వ్యతిరేకుల వాదన

హోమ్ ప్లేట్ వద్ద తాకిడి ధైర్యానికి పరీక్ష అని, దానిని తీసివేస్తే ఆటలో పస తగ్గుతుందని పలువురు మాజీలు వాదించారు. పీట్ రోజ్ కూడా నియమాన్ని తప్పుపట్టారు. ఈ వాదనను తేలికగా కొట్టివేయలేము. మన కబడ్డీలో శరీర బలమే ఆట, దానిని నిషేధిస్తే కబడ్డీయే మిగలదు. అయితే కబడ్డీలో కూతకు వచ్చినవాడూ, పట్టేవాడూ ఎదురెదురుగా ఒకరినొకరు గమనిస్తూ ఉంటారు. పట్టు పట్టడమే అక్కడి నైపుణ్యం. బేస్‌బాల్‌లో నైపుణ్యం విసరడంలో, పట్టడంలో, పరుగెత్తడంలో ఉంది. చూపు మరలిన మనిషిని పడగొట్టడం వాటిలో దేనికీ కొలమానం కాదు.

క్రికెట్ నేర్పిన పాఠం

ఖరగ్‌పుర్‌కు కొద్ది గంటల రైలు ప్రయాణ దూరంలోని కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్ కూడా ఇలాంటి వివాదాన్ని చూసింది. 1999 ఫిబ్రవరిలో పాకిస్తాన్‌తో టెస్టులో మూడవ పరుగు పూర్తిచేస్తున్న సచిన్ తెందూల్కర్, వికెట్ల దగ్గర ఉన్న షోయబ్ అక్తర్‌ను తాకారు. అదే క్షణంలో ప్రత్యామ్నాయ ఫీల్డర్ నదీమ్ ఖాన్ విసిరిన బంతి వికెట్లను పడగొట్టింది. మూడవ అంపైర్ రనౌట్‌గా ప్రకటించారు. ప్రేక్షకుల ఆగ్రహంతో చివరికి ఆట దాదాపు ఖాళీ స్టాండ్ల మధ్య ముగిసింది. దారి ఎవరిదో నియమం స్పష్టం చేయకపోతే నిర్ణయం ఎటు వెళ్లినా వివాదం తప్పదు.

క్రికెట్ చట్టం ఇక్కడ ప్రధానంగా ఉద్దేశాన్ని చూస్తుంది. కావాలని బ్యాటర్‌ను అడ్డుకుంటే ఫీల్డింగ్ జట్టుకు 5 పరుగుల జరిమానా, కావాలని ఫీల్డర్‌ను అడ్డుకుంటే బ్యాటర్ అవుట్. కీపర్ భద్రత విషయంలో క్రికెట్ కూడా గాయాల తరువాతే మేల్కొంది. 2000లో ఢాకాలో అనిల్ కుంబ్లే బౌలింగ్‌లో బంతి తగిలి బెంగాల్ కీపర్ సబా కరీం కంటికి తీవ్ర గాయమైంది. 2012 జూలైలో టాంటన్‌లో ఎగిరిన బెయిల్ కంటికి తగిలి దక్షిణాఫ్రికా కీపర్ మార్క్ బౌచర్ అంతర్జాతీయ క్రీడా జీవితం ముగిసింది. బెయిల్ దూరం ఎగరకుండా ఆపే పరికరాలకు 2017 నాటి చట్టం అనుమతి ఇచ్చింది. దానివల్ల స్టంపింగ్ విలువ తగ్గలేదు.

పోజీ 2012లో తిరిగివచ్చి నేషనల్ లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా నిలిచారు, జట్టు ప్రపంచ సిరీస్ గెలిచింది. అలా కోలుకునే అదృష్టం, వైద్యం అందరికీ దక్కవు. వీడియో పరిశీలన, ప్రత్యేక వైద్య బృందం లేని పాఠశాల, జిల్లా మైదానాలలో ఆడే పిల్లలకు నియమమే తొలి కవచం. పరుగెత్తేవాడికి దారి వదలాలి, బంతిని చూస్తున్నవాడి ఒంటిమీదికి దూకరాదు. ఈ రెండు సూత్రాలూ కలిసి ఉన్నప్పుడే ఆ రక్షణ ఇరుపక్షాలకూ న్యాయమవుతుంది.