వేగం కన్నా వేడే కష్టం

2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ విద్యుత్ కార్ల పోటీ జరిగింది. ఆ సందట్లోనే హైదరాబాద్‌కు బటిస్టా అనే విద్యుత్ కారు ప్రదర్శనకు వచ్చింది. పోటీ మరుసటి ఏడాదే రద్దయింది కానీ, ఆ కారు కథ మాత్రం చెప్పుకోదగ్గది.

ఆ పేరు బటిస్టా ఫరీనాది. ఆయన 1930లో ఇటలీలోని ట్యూరిన్‌లో కార్ల బాడీలు మలిచే కంపెనీ పెట్టాడు, అదే పినిన్‌ఫరీనా. ఫెరారీల వంటి పేరుమోసిన కార్లెన్నో ఆ చేతుల్లో రూపుదిద్దుకున్నాయి. 2015లో మహీంద్రా ఆ పినిన్‌ఫరీనాను కొనడానికి ఒప్పందం చేసుకుంది. 2018లో కార్ల కోసం విడిగా ఓ కంపెనీ పెట్టి, 2019 జెనీవా ప్రదర్శనలో ఈ కారును చూపించారు. రూపం ఇటలీది, పెట్టుబడి మనది, మోటార్లూ బ్యాటరీ క్రొయేషియాలోని రిమాక్‌వి. 150 కార్లకు మించి తయారు చేయబోమని ముందే చెప్పేశారు.

దీన్ని హైపర్ గ్రాండ్ టూరర్ అంటారు. గ్రాండ్ టూరర్ అంటే ఎంత దూరమైనా వేగంగా, ఒళ్లు హూనం కాకుండా తీసుకెళ్లే బండి. 1,900 హార్స్‌పవర్. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి 1.86 సెకన్లు. బండి రెండు టన్నులనుకొని లెక్క కట్టండి: అంతసేపూ సగటున వాడేది 415 కిలోవాట్లే. మోటార్ల సత్తా మాత్రం 1,400 కిలోవాట్లు! టైరు నేలను పట్టుకోగలిగినంత బలమే పనికొస్తుంది మరి, అంతకు మించితే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అందుకే చక్రానికో మోటారు పెట్టి, దేనికెంత ఇవ్వాలో కంప్యూటర్‌కు అప్పగించారు.

నన్నడిగితే అసలు పనితనం వేగంలో లేదు, చల్లబరచడంలో ఉంది. 1,400 కిలోవాట్లలో నూటికి అయిదు పాళ్లు వేడిగా మారినా 70 కిలోవాట్లు. బ్యాటరీలోని లిథియం సెల్ మనలాగే ఓ మోస్తరు వేడినే ఓర్చుకుంటుంది, మితిమీరితే ఆయుష్షు తగ్గుతుంది. మామూలు రేడియేటర్ బయటి గాలి కన్నా చల్లగా చేయలేదు. రెంటచింతలలో 45 డిగ్రీలు దాటిన రోజున ఆ గాలితో ఒరిగేదేముంది? అందుకే బ్యాటరీ చుట్టూ తిరిగే ద్రవాన్ని ఏసీ కంప్రెసర్ సాయంతో చల్లబరుస్తారు. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో మండుటెండల్లోనూ మిర్చి రంగు పోకుండా కాపాడేదీ ఈ సూత్రమే.

ఈ బ్యాటరీల విద్య కోట్ల ఖరీదు కార్ల దగ్గరే ఆగదు. సెల్ తయారీ మన దగ్గరికీ వస్తోంది. గుంటూరు ఎంపీగా పనిచేసిన గల్లా జయదేవ్ కుటుంబానికి చెందిన అమరరాజా సంస్థ మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల కర్మాగారానికి 2023లో శంకుస్థాపన చేసింది.

ఇంతకీ బటిస్టా గుంటూరు నుంచి చిలకలూరిపేట మీదుగా ఒంగోలు వెళ్తే? ఆ హైవేలో వంద దాటకూడదు కాబట్టి 1,900 గుర్రాల్లో చాలావాటికి పనుండదు. అదీ మంచిదే, వేగం రెట్టింపైతే గాలి అడ్డం నాలుగు రెట్లవుతుంది, చార్జింగ్ ఇట్టే కరిగిపోతుంది. 120 యూనిట్ల బ్యాటరీని 20 నుంచి 80 శాతానికి నింపడానికి 180 కిలోవాట్ల చార్జర్ దగ్గర 25 నిమిషాలు చాలు. దారిలో దొరికింది 60 కిలోవాట్లదైతే గంటా పావు ఆగాలి.