భారత ఫుట్‌బాల్‌లో రెండవ శ్రేణి: ఐ-లీగ్ నిర్మాణం, క్లబ్బుల ప్రస్థానం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
భారతదేశ వృత్తి ఫుట్‌బాల్‌లో ఒకప్పుడు అత్యున్నత పోటీగా ఉన్న ఐ-లీగ్, 2022-23లో అధికారికంగా రెండవ శ్రేణి లీగ్‌గా మారింది. ఈ మార్పు మైదానంలోని జయాపజయాల వల్ల వచ్చినది కాదు. పరిపాలనా నిర్ణయాల వల్ల వచ్చినది. ఈ లీగ్ ఏర్పడిన తీరును, శ్రేణి మారిన క్రమాన్ని, అందులోని క్లబ్బుల స్వభావాన్ని వివరించి, ఎగువ శ్రేణికి చేరే మార్గం ఎంతవరకు తెరచి ఉన్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. హైదరాబాద్ నగరానికి చెందిన రెండు క్లబ్బుల అనుభవాన్ని ప్రత్యేక ఉదాహరణగా స్వీకరించడం జరిగింది.

కీలక పదాలు: ఐ-లీగ్, ఐఎస్ఎల్, రెండవ శ్రేణి, ప్రమోషన్, రెలిగేషన్, క్లబ్ లైసెన్సింగ్, శ్రీనిధి డెక్కన్.

1. ప్రవేశిక

ప్రపంచంలోని అనేక దేశాల్లో ఫుట్‌బాల్ లీగ్‌లు మెట్ల వరుస వంటివి. ఒక సీజన్ ముగిసేసరికి దిగువ శ్రేణిలో అగ్రస్థానం పొందిన క్లబ్ పై మెట్టుకు చేరుతుంది; ఎగువ శ్రేణిలో అడుగున నిలిచిన క్లబ్ కింది మెట్టుకు దిగుతుంది. మొదటిది ప్రమోషన్, రెండవది రెలిగేషన్. ఈ రెండూ పరస్పరాశ్రితాలు. పై నుండి దిగేవారు లేనప్పుడు కింద నుండి ఎక్కేవారికి చోటు కల్పించడం కష్టమవుతుంది. ఉత్తర అమెరికాలోని వృత్తి క్రీడల్లో దీనికి భిన్నమైన పద్ధతి ఉన్నది. అక్కడ జట్టు యాజమాన్య హక్కును కొనుగోలు చేసినవారికి లీగ్‌లో శాశ్వత స్థానం లభిస్తుంది. మొదటి పద్ధతిలో స్థానాన్ని ఆటతో సంపాదించుకోవాలి. రెండవ పద్ధతిలో పెట్టుబడితో పొందాలి. భారతదేశంలో ఈ రెండు పద్ధతులూ ఒకే కాలంలో ఎదురెదురుగా నిలవడమే ఐ-లీగ్ చరిత్రలోని ప్రధాన వైరుధ్యం.

2. ఐ-లీగ్ ఆవిర్భావం – స్థానభ్రంశం

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 1996లో జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌ను ప్రారంభించింది. దాని స్థానంలో 2007లో ఐ-లీగ్ వచ్చింది. 2007-08 తొలి విజేత గోవాకు చెందిన డెంపో. మొదటి ఆరు సీజన్ల విజేతలు డెంపో, చర్చిల్ బ్రదర్స్, సల్గావ్‌కర్ అనే మూడు గోవా క్లబ్బులే కావడం ఆనాటి గోవా ఫుట్‌బాల్ బలాన్ని సూచిస్తుంది.

2010 డిసెంబరులో సమాఖ్య తన వాణిజ్య హక్కులను 15 సంవత్సరాలకు 700 కోట్ల రూపాయల ఒప్పందంతో ఐఎంజీ-రిలయన్స్‌కు అప్పగించింది. ఈ ఒప్పందం పునాదిగా 2014లో 8 ఫ్రాంచైజీలతో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఆరంభమైంది. కొంతకాలం రెండు లీగ్‌లూ వేరువేరు నెలల్లో జరిగాయి. 2017-18 నుండి ఏకకాలంలో జరగడం మొదలైంది. ఆ సీజన్‌లోనే, అప్పటికి రెండుసార్లు ఐ-లీగ్ గెలిచిన బెంగళూరు ఎఫ్‌సీ ఐఎస్ఎల్‌కు తరలిపోయింది. 2020లో కోల్‌కతా దిగ్గజాలైన మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ కూడా అదే బాట పట్టాయి. ఈ మూడు క్లబ్బులలో ఏదీ ప్రమోషన్ నిబంధన ద్వారా వెళ్లలేదన్నది గమనార్హం.

2019 అక్టోబరులో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఆమోదించిన మార్గసూచి ఈ పరిణామాలకు అధికారిక రూపం ఇచ్చింది. దాని ప్రకారం ఐఎస్ఎల్ ప్రథమ శ్రేణి. 2022-23, 2023-24 సీజన్లలో ఐ-లీగ్ విజేతకు ప్రవేశ రుసుము లేకుండా పై శ్రేణిలో స్థానం. 2024-25 నుండి ప్రమోషన్, రెలిగేషన్ రెండింటి సంపూర్ణ అమలు.

3. క్లబ్బుల స్వభావం

ఐ-లీగ్ క్లబ్బులను స్థూలంగా మూడు రకాలుగా విభజించవచ్చు.

మొదటిది చారిత్రక క్లబ్బులు. 1891లో ఏర్పడిన కోల్‌కతా మొహమ్మడన్ స్పోర్టింగ్ ఇందుకు నిదర్శనం. 1934 నుండి 1938 వరకు వరుసగా ఐదుసార్లు కలకత్తా లీగ్ గెలిచిన ఈ క్లబ్, 2023-24లో ఐ-లీగ్ విజేతగా ఐఎస్ఎల్‌కు చేరింది.

రెండవది ప్రాంతీయ అస్తిత్వాన్ని మోసే క్లబ్బులు. మిజోరాంకు చెందిన ఐజాల్ ఎఫ్‌సీ 2015-16లో కిందికి దిగవలసి ఉండగా, గోవా క్లబ్బులు వైదొలగడంతో మళ్లీ చోటు పొంది, 2016-17లో ఏకంగా విజేతగా నిలిచింది. ఈశాన్య భారతం నుండి జాతీయ లీగ్ గెలిచిన తొలి క్లబ్ అదే. కాశ్మీర్ లోయ నుండి రియల్ కాశ్మీర్, కేరళ నుండి గోకులం ఈ కోవకే చెందుతాయి. గోకులం 2020-21, 2021-22లలో వరుసగా టైటిల్ గెలిచినప్పటికీ అప్పటికి ప్రమోషన్ నిబంధన అమలులోకి రాలేదు. అదే గోకులం 2022 మే నెలలో ఏఎఫ్‌సీ కప్‌లో ఐఎస్ఎల్ క్లబ్బైన ఏటీకే మోహన్ బగాన్‌ను కోల్‌కతాలోనే 4-2తో ఓడించింది. శ్రేణుల మధ్య ఉన్న అంతరమంతా ఆటలోనిదే కాదని ఈ ఫలితం తెలియజేస్తుంది.

మూడవది బిడ్ ద్వారా నేరుగా ప్రవేశించిన సంస్థాగత క్లబ్బులు. శ్రీనిధి డెక్కన్, ఇంటర్ కాశీ, నామ్‌ధారి ఈ విభాగంలోనివి. ఐఎస్ఎల్ పద్ధతిని విమర్శించేటప్పుడు, రెండవ శ్రేణిలోనూ పెట్టుబడితో తెరుచుకునే తలుపు ఒకటి ఉన్నదని మరువరాదు.

4. హైదరాబాద్ ఉదాహరణ

భారత ఫుట్‌బాల్ చరిత్రలో హైదరాబాద్ స్థానం విశిష్టమైనది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది.

వర్తమానంలో ఈ నగరం నుండి రెండు శ్రేణుల్లో రెండు క్లబ్బులు ఆడాయి. ఐఎస్ఎల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22 విజేత. విశాఖపట్నం కేంద్రంగా బిడ్ పొంది, అనంతరం హైదరాబాద్ శివార్లలోని అజీజ్ నగర్‌లో డెక్కన్ అరీనాను సొంత మైదానంగా చేసుకున్న శ్రీనిధి డెక్కన్ 2021-22లో ఐ-లీగ్‌లో ప్రవేశించి మూడవ స్థానం పొందింది. తరువాతి రెండు సీజన్లలోనూ ద్వితీయ స్థానంలో నిలిచింది. ఆ రెండుసార్లూ విజేతలైన పంజాబ్, మొహమ్మడన్ క్లబ్బులు ఐఎస్ఎల్‌కు చేరాయి.

2023-24 ఫలితాలను పక్కపక్కన ఉంచి చూస్తే సమస్య స్పష్టమవుతుంది. ఆ సంవత్సరం హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్‌లో చిట్టచివరి స్థానంలో నిలిచింది, అయినా దిగలేదు. రెలిగేషన్ అమలులో ఉండి ఉంటే ఒకే నగరానికి చెందిన రెండు క్లబ్బులు మరుసటి ఏడాది ఐ-లీగ్‌లో తలపడేవి. 2024-25లో చివరి స్థానం మొహమ్మడన్‌కు దక్కింది; ఆ క్లబ్ కూడా దిగలేదు. అంటే మార్గసూచిలోని ఎక్కే నిబంధన అమలైంది, దిగే నిబంధన కాగితానికే పరిమితమైంది. 2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయింది. ఆటలో ఓడినప్పుడు శ్రేణి మారని క్లబ్, యాజమాన్యం మారినప్పుడు నగరాన్నే మార్చుకున్నది. ఫ్రాంచైజీ పద్ధతి స్వభావం ఇందులో తేటతెల్లమవుతుంది.

5. విజేత నిర్ణయం – లైసెన్సింగ్

2024-25 ఐ-లీగ్‌లో ప్రతి క్లబ్ మిగిలిన ప్రతి క్లబ్‌తోనూ సొంత మైదానంలో ఒకసారి, ప్రత్యర్థి మైదానంలో ఒకసారి ఆడింది. 12 క్లబ్బులున్న ఆ సీజన్‌లో ఒక్కొక్క క్లబ్‌కు 22 మ్యాచ్‌లు వచ్చాయి. ప్లేఆఫ్ లేనందున ప్రతి పాయింటూ విలువైనదే. ఆ సీజన్ ముగిసేనాటికి చర్చిల్ బ్రదర్స్ 40, ఇంటర్ కాశీ 39 పాయింట్లతో నిలిచాయి. అయితే నామ్‌ధారి జట్టు అనర్హుడైన ఆటగాడిని బరిలోకి దింపిందన్న ఫిర్యాదుపై సమాఖ్యలోని క్రమశిక్షణ సంఘం, అప్పీలు సంఘం భిన్నమైన తీర్పులు ఇచ్చాయి. వివాదం స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి చేరింది. 2025 జూలైలో ఆ న్యాయస్థానం ఇంటర్ కాశీని విజేతగా నిర్ణయించింది. ఏప్రిల్‌లో ముగిసిన లీగ్‌కు విజేత ఎవరో తేలడానికి మూడు నెలలకు పైగా పట్టింది.

విజేతగా నిలవడంతోనే అర్హత పూర్తి కాదు. క్రీడా, మౌలిక వసతుల, సిబ్బంది-పరిపాలన, న్యాయ, ఆర్థిక ప్రమాణాలు అనే ఐదు విభాగాల్లో క్లబ్ లైసెన్సు పొందవలసి ఉంటుంది. యువజట్ల నిర్వహణ, ఆటగాళ్ల వేతన చెల్లింపు వంటి విషయాల్లో ఈ విధానం అవసరమైన క్రమశిక్షణను తెస్తుంది. కానీ టెలివిజన్ ఆదాయం, ప్రాయోజకుల ఆదరణ తక్కువగా ఉన్న దిగువ శ్రేణి క్లబ్‌కు ఇదే ప్రమాణం పెద్ద భారమవుతుంది. ఎగువకు చేరితే ఆదాయం పెరగవచ్చు; చేరడానికి ముందే వ్యయం పెరుగుతుంది.

6. ఉపసంహారం

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, ఐ-లీగ్ రెండవ శ్రేణి కావడం ఆట ప్రమాణాలు పడిపోయినందువల్ల కాదు, వాణిజ్య హక్కుల పునర్వ్యవస్థీకరణ వల్ల. రెండు, 2022-23 నుండి ప్రమోషన్ అమలు కావడం నిజమైన ముందడుగే అయినా, రెలిగేషన్ లేనందున ఆ వ్యవస్థ అసంపూర్ణంగా మిగిలింది. మూడు, నిబంధనల వర్తింపులో జాప్యం, అస్పష్టత ఉంటే మైదానంలో సాధించిన ఫలితానికి విశ్వసనీయత తగ్గుతుంది.

ఐజాల్ వంటి క్లబ్ ఒక్క ఏడాదిలో అడుగు నుండి శిఖరానికి చేరడం రెండవ అవకాశం దొరికినందువల్లనే సాధ్యమైంది. అటువంటి అవకాశం యాదృచ్ఛికంగా కాక నిబంధనగా ఉండాలంటే దిగే మెట్టూ, ఎక్కే మెట్టూ రెండూ ఉండాలి. ఓడినవారు దిగని చోట గెలిచినవారి ఆరోహణ ఒక హక్కుగా కాక వెసులుబాటుగానే మిగులుతుంది.