ఫాంటసీ ఫుట్‌బాల్‌లో జంట రన్నింగ్ బ్యాక్‌లు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ చేతినుండి బంతిని తీసుకొని, ఎదుటి జట్టు వరుసను ఛేదించుకొని పరుగెత్తే ఆటగాడిని రన్నింగ్ బ్యాక్ అంటారు. క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని అందుకొనడం కూడా ఇతని పనే. ఒకే జట్టులో సమర్థులైన ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లు ఈ బాధ్యతను పంచుకొన్నప్పుడు, వారిలో ఎవరిని ఎంచుకోవాలన్నది ఫాంటసీ ఫుట్‌బాల్ ఆడేవారికి ఒక చిక్కుప్రశ్న.

పాయింట్ల పద్ధతి

ఫాంటసీ ఫుట్‌బాల్‌లో పాల్గొనేవారు నిజమైన ఆటగాళ్ళను ఎంచుకొని ఊహాజట్లను కూర్చుకొంటారు. అసలు మ్యాచ్‌లలో ఆ ఆటగాళ్ళు సాధించిన గణాంకాలే పాయింట్లుగా మారుతాయి. సాధారణంగా 10 గజాలకు 1 పాయింటు, టచ్‌డౌన్‌కు 6 పాయింట్లు లభిస్తాయి. అనేక లీగ్‌లలో అందుకొన్న ప్రతి బంతికీ అదనంగా 1 పాయింటు ఇస్తారు.

న్యూ ఓర్లియన్స్ సెయింట్స్ (2017)

2017లో ఈ జట్టులో మార్క్ ఇంగ్రమ్, ఆల్విన్ కమారా కలిసి ఆడారు. ఇంగ్రమ్ 2011 నుండి జట్టులో ఉన్న అనుభవజ్ఞుడు. కమారా ఆ ఏడాదే చేరిన కొత్తవాడు. సీజన్ ఆరంభంలో ఏడ్రియన్ పీటర్సన్ కూడా వాటాదారుగా ఉండేవాడు. అక్టోబరులో అతనిని అరిజోనా కార్డినల్స్‌కు పంపడంతో పని ఇద్దరికే మిగిలింది.

* ఇంగ్రమ్: 230 పరుగు ప్రయత్నాలలో 1,124 గజాలు, 12 టచ్‌డౌన్లు, అందుకొన్న బంతులు 58, వాటిద్వారా 416 గజాలు.
* కమారా: 120 పరుగు ప్రయత్నాలలో 728 గజాలు, 8 టచ్‌డౌన్లు, అందుకొన్న బంతులు 81, వాటిద్వారా 826 గజాలు, 5 టచ్‌డౌన్లు.

పరుగు ప్రయత్నాలు మాత్రమే చూసినవారికి కమారా ఇంగ్రమ్‌లో దాదాపు సగమే అనిపిస్తాడు. కాని పై గణాంకాలను లెక్కకడితే ఇంగ్రమ్‌కు 226, కమారాకు 233.4 పాయింట్లు వస్తాయి. అందుకొన్న బంతికి పాయింటు ఇచ్చే లీగ్‌లలో ఇవి వరుసగా 284, 314.4 అవుతాయి. ఒకరు ప్రధానంగా పరుగుకు, మరొకరు ఎక్కువగా బంతి అందుకొనడానికి ఉపయోగపడినందువలన ఒకరి రాబడి మరొకరిని దెబ్బతీయలేదు.

కరొలైనా పాంథర్స్ (2009)

ఇక్కడి పరిస్థితి వేరు. డియాంజెలో విలియమ్స్ (216 ప్రయత్నాలు, 1,117 గజాలు), జొనాథన్ స్టీవర్ట్ (221 ప్రయత్నాలు, 1,133 గజాలు) ఇద్దరూ ప్రధానంగా పరుగు ఆటగాళ్ళే. ఒకే జట్టు నుండి ఇద్దరు చెరి 1,100 గజాలు దాటడం ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అదే మొదటిసారి. అయితే 2008లో 1,515 గజాలు, 18 పరుగు టచ్‌డౌన్లు సాధించిన విలియమ్స్‌కు 2009లో దక్కిన పరుగు టచ్‌డౌన్లు 7 మాత్రమే. స్టీవర్ట్‌కు 10 వచ్చాయి. విలియమ్స్ గాయంతో చివరి మ్యాచ్‌లకు దూరమైనప్పుడు, స్టీవర్ట్ న్యూయార్క్ జెయింట్స్‌పై ఒకే మ్యాచ్‌లో 206 గజాలు పరుగెత్తాడు.

పోల్చవలసిన అంశాలు

పై రెండు ఉదాహరణలను బట్టి, ఎవరు ఎన్నిసార్లు బంతి పట్టారన్నదానికంటె ఎటువంటి పని చేశారన్నది ముఖ్యమని తెలుస్తుంది. పనులు వేరైతే ఇద్దరూ ఎంచుకొనదగినవారే. పని ఒకటే అయితే ఒకరి వాటా పెరిగినకొద్దీ రెండవవారిది తగ్గుతుంది. ఒకరు గాయపడితే రెండవవారి విలువ ఒక్కసారిగా పెరుగుతుంది. తాము ఆడే లీగ్‌లో అందుకొన్న బంతికి పాయింటు ఉన్నదో లేదో ముందుగా చూసుకొనడం కూడా అవసరం.