ఇంట్లో మూలికల సబ్బు: ఆకుల కన్నా ముందు కాస్టిక్ సోడా సంగతి

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతాల సంఘాల నుండి వచ్చే సోదరీమణులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది: "వేపాకు, పసుపు, కలబంద వేసి సబ్బు ఇంట్లోనే చేసుకోవచ్చా?" చేసుకోవచ్చు. అయితే అందరూ ఆకుల గురించే అడుగుతారు, కాస్టిక్ సోడా గురించి అడిగేవారు తక్కువ. అందుకే దానితోనే మొదలుపెడుతున్నాం.

నూనె, క్షారం కలిస్తేనే సబ్బు. పూర్వం కట్టెల బూడిద నుండి క్షారం తీసేవారు. యిర్మీయా గ్రంథము 2వ అధ్యాయము 22వ వచనంలో క్షారము, సబ్బు రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఇప్పుడు బూడిదకు బదులు కాస్టిక్ సోడా వాడుతున్నాం. కొలత సరిగా ఉంటే అది నూనెతో కలిసి సబ్బుగా, గ్లిజరిన్‌గా మారిపోతుంది. కొలత ఎక్కువైతే సబ్బులో మిగిలిపోయి చర్మాన్ని కాలుస్తుంది. "మా సబ్బులో కెమికల్స్ లేవు" అని ఎవరైనా అంటే నమ్మకండి. క్షారం లేకుండా సబ్బు పుట్టదు.

మరి ఆకుల మాటేమిటి? పారాణి కోసం పసుపులో సున్నం కలిపితే ఎర్రబడటం మనకు తెలిసిందే. సబ్బులో వేసిన పసుపు కూడా అలాగే ఎర్రబారుతుంది. అంటే క్షారం తగిలాక పసుపు పసుపుగా ఉండదు. పైగా సబ్బు ఒంటి మీద ఉండేది ఒక నిమిషం, ఆ తరువాత నీళ్ళతో పోతుంది. కాబట్టి వేప సబ్బుతో తామర గాని, గజ్జి గాని నయం కావు. మేము ముఖ్యంగా చెప్పదలచింది ఇదే. సబ్బు మారుస్తూ నెలలు గడిపేలోగా తామర ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములు దానిని ఇంకా మొండిదిగా చేస్తాయి. డాక్టరుకు చూపించుకుని, చెప్పినన్ని వారాలు మందు వాడాలి. సబ్బు శుభ్రతకు మాత్రమే.

చిన్నపిల్లలున్న ఇళ్ళవారికి మా సలహా, రెడీమేడ్ సోప్ బేస్ కొనుక్కోండి. అందులో క్షారం పని అప్పటికే అయిపోయి ఉంటుంది. అరకిలో బేస్‌ను ముక్కలు చేసి, మరిగే నీళ్ళ మీద పెట్టిన గిన్నెలో కరిగించి, ఒక టీస్పూను ఎండు వేపాకు పొడి కలిపి అచ్చుల్లో పోస్తే చాలు. పచ్చి ఆకు రసం పోయకండి, బూజు పడుతుంది.

అసలు పద్ధతిలోనే చేస్తామనేవారికి కొలత చెబుతాం. కొబ్బరినూనె 500 గ్రాములు, కాస్టిక్ సోడా 80 గ్రాములు, ఫిల్టర్ నీళ్ళు 200 గ్రాములు. ఇంత నూనెకు సుమారు 91 గ్రాముల సోడా పడుతుంది. కొంత నూనె మిగిలితే చర్మానికి మేలని కావాలనే తగ్గించాం. గ్లాసులతో, చెంచాలతో కొలవవద్దు, గ్రాములు చూపే కాటా ఉండాలి. అర లీటరు నూనె 500 గ్రాములు ఉండదు, దాదాపు 460 గ్రాములే ఉంటుందని మరువకండి. వేపనూనె కావాలంటే 50 గ్రాముల కొబ్బరినూనె తగ్గించి అంతే వేపనూనె పోయవచ్చు. వాసన మాత్రం భరించాలి!

అల్యూమినియం గిన్నె పనికిరాదు, కాస్టిక్ సోడా దానిని తినేస్తుంది. స్టీలు గిన్నె తీసుకోండి. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, కిటికీలు తెరిచి, నీళ్ళలోకి సోడాను కొద్దికొద్దిగా వేయండి. సోడా మీద నీళ్ళు పోస్తే ఎగిరి ముఖాన పడుతుంది. ద్రావణం పొయ్యి మీద పెట్టకుండానే కాగిపోతుంది. గోరువెచ్చగా అయ్యాక నూనెలో పోసి, దోసెపిండిలా చిక్కబడేదాకా కలిపి అచ్చులో పోయాలి. మరునాడు తొడుగులతోనే కోసి, గాలి తగిలేచోట నాలుగు నుండి ఆరు వారాలు ఆరనివ్వాలి. తొందరపడి వాడవద్దు. పసిపిల్లలకు, షుగరు వ్యాధి ఉన్నవారి కాలి పుండ్లకు అసలు వాడవద్దు.

మిగిలిన సోడాను, కలిపిన ద్రావణాన్ని ఎన్నడూ మంచినీళ్ళ సీసాలో పోసి ఉంచకండి. నీళ్ళనుకుని పిల్లలు తాగితే అన్నవాహిక కాలిపోతుంది, కొన్ని వారాల తరువాత అది ఇరుకైపోయి ముద్ద దిగదు. అలా జరిగితే వాంతి చేయించకండి. ఉప్పునీళ్ళు, నిమ్మరసం పట్టకండి. నోరు కడిగించి వెంటనే 108కి ఫోను చేయండి. నోట్లో పుండు కనబడకపోయినా లోపల కాలి ఉండవచ్చు, కాబట్టి ఆసుపత్రికి తీసుకురావాల్సిందే. చర్మం మీద పడితే తడిసిన బట్టలు తీసి 20 నిమిషాలు కుళాయి కింద కడగాలి. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టి అంతసేపూ కడిగి, ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

ఇంకొక మాట. బోరు నీళ్ళు వాడే కాలనీలవారు, హాస్టళ్ళ పిల్లలు "ఏ సబ్బూ నురగ రావడం లేదు, ఒళ్ళు పొడిబారుతోంది" అంటుంటారు. అది సబ్బు తప్పు కాదు. గట్టి నీళ్ళలోని సున్నం సబ్బుతో కలిసి విరిగిన పాలలా తెల్లగా పేరుకుంటుంది. ఎంత ఖరీదైన మూలికల సబ్బైనా అంతే. కుంకుడుకాయ రసానికి ఆ బాధ లేదు, బోరు నీళ్ళలోనూ నురగనిస్తుంది. తలంటుకు మన అమ్మమ్మల పద్ధతే మాకు నచ్చుతుంది, కాకపోతే కళ్ళు గట్టిగా మూసుకోవాలి. స్నానానికి కృష్ణా నీళ్ళు దొరికితే మేలు, తుడుచుకున్న వెంటనే తడి ఆరకముందే కాస్త కొబ్బరినూనె రాసుకోండి.

కోత పండుగలో ఈ సబ్బులు అమ్మవచ్చా అని స్త్రీల సమాజం వారు అడుగుతున్నారు. 1969లో మద్రాసులో రైల్వే డాక్టరు వి.పి. సిధన్ గారు ఇంటి దగ్గర మొదలుపెట్టిన మెడిమిక్స్ ఎంత పెద్దదైందో చూశాం గనుక ఆశ సహజమే. బంధువులకు ఇచ్చుకుంటే ఇబ్బంది లేదు. అమ్మకానికి తయారు చేయాలంటే మాత్రం 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం లైసెన్సు కావాలి. ముందుగా రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ కార్యాలయంలో కనుక్కోండి. ఇచ్చే సబ్బు అట్ట మీద చేసిన తేదీ, వేసిన నూనెలు రాయండి, "చర్మవ్యాధులకు మందు" అని మాత్రం రాయకండి.